నరాల నొప్పికి ఏ మందు? గుణం కన్నా ముందు దుష్ఫలితం చూసి ఎంచుకోండి

డాక్టరు రాసిన మాత్రలు ఇంటికి తెచ్చుకుని, పెట్టెలో మడతలు పెట్టి ఉన్న కాగితం విప్పగానే చాలామందికి గుండె గుభేలుమంటుంది. "ఇది మూర్ఛ మందట, నాకు మూర్ఛ ఎక్కడుంది?" అని ఒకరు. "ఇది డిప్రెషన్‌కి వాడతారట, అంటే నా నొప్పి ఉత్తిదే అనుకుంటున్నాడా ఆయన?" అని ఇంకొకరు. మా అమ్మది ఈ రెండో రకం. సర్పి పొక్కులు మాడిపోయి రెండు నెలలైనా పక్కటెముకల మీద మంట ఆరలేదు. ఒంటి మీద గుడ్డ తగిలితే చాలు, అల్లాడిపోయేది. అయినా సరే, ఆ కాగితం చదివి మాత్రల అట్టను సొరుగులో పడేసింది. ఆ తర్వాత ఏడాది పాటు ఆవిడ వెంట తిరుగుతూ, ప్రతి మందు గురించీ చదువుతూ, అడుగుతూ నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టరును కాను. మందు రాయడం, డోసు నిర్ణయించడం వాళ్ల పని. రాసిన మందు మీ ఒంటికి సరిపడేదేనా అని అడగడానికి కావలసిన సరంజామా మాత్రం ఇందులో ఉంది.

ముందు ఆ కాగితం సంగతి. నరాల నొప్పికి వాడే మందుల్లో చాలావరకు వేరే జబ్బు కోసం పుట్టి ఇటు వచ్చినవే. గాబాపెంటిన్‌కి అమెరికాలో 1993లో మూర్ఛ మందుగా అనుమతి వచ్చింది. సర్పి తర్వాత మిగిలే నొప్పికి అక్కడే 2002లో ఒప్పుకున్నారు. అమిట్రిప్టిలిన్ 1960ల నాటి డిప్రెషన్ మందు. డులోక్సెటిన్‌కి డిప్రెషన్ అనుమతీ, షుగర్ వల్ల వచ్చే నరాల నొప్పి అనుమతీ రెండూ 2004లోనే వచ్చాయి. ఇందులో మతలబేమీ లేదు. దెబ్బతిన్న నరం, ఎవరూ మీట నొక్కకుండానే మోగే గంట లాంటిది. మూర్ఛలో మెదడు కణాలు అదుపు తప్పి మోగినట్టే, ఇక్కడ నరం మోగుతుంది. ఆ మోతను తగ్గించే మందు రెండుచోట్లా పనిచేస్తుంది. డిప్రెషన్ మందుల కథ వేరు. మెదడు నుంచి వెన్నుపాములోకి నొప్పిని అణచే దారి ఒకటుంది. అది నోరడ్రినలిన్, సెరటోనిన్ అనే రసాయనాల మీద నడుస్తుంది. ఆ రసాయనాలు ఎక్కువసేపు నిలిచేలా ఈ మందులు చూస్తాయి. మనసులో దిగులు లేనివాళ్లకి కూడా నొప్పి తగ్గుతుంది. అమిట్రిప్టిలిన్ అయితే దిగులుకిచ్చే దానికన్నా బాగా తక్కువ డోసులోనే నొప్పికి పనిచేస్తుంది.

అసలు అది నరాల నొప్పేనా?

తెలుగులో ఒక చిక్కుంది. మనకి అన్నీ నరాలే. ఇంజెక్షన్ ఇచ్చేది నరానికే, పిక్క పట్టేస్తే "నరం పట్టేసింది", మెడ తిరగకపోతే "నరం లాగింది", ఒంట్లో ఓపిక లేకపోతే "నరాల బలహీనత". మొదటిది నిజానికి రక్తనాళం, తర్వాతి రెండూ సాధారణంగా కండరం, చివరిది ఏదైనా కావచ్చు. వీటిలో వేటికీ ఈ మందులు పనిచేయవు. డాక్టరు దగ్గర "నరాల నొప్పి" అని తేల్చి చెప్పకండి. ఎలా ఉంటుందో చెప్పండి. మంట పుడుతోందా, కరెంటు కొట్టినట్టు జివ్వుమంటోందా, సూదులు గుచ్చుతున్నట్టుందా, చీమలు పాకుతున్నట్టుందా, అదే చోట తాకితే మొద్దుబారినట్టు ఉంటుందా, దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోతున్నారా? నొప్పీ మొద్దుబారడమూ ఒకేచోట కలిసి ఉంటే నరం మీద అనుమానం బలపడుతుంది. అలాకాక కాస్త దూరం నడవగానే పిక్కలు పట్టేసి, నిలబడితే తగ్గుతుంటే, ముందు కాళ్లకి రక్తం సరిగా అందుతోందో లేదో చూడాలి.

పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ లాంటి మామూలు నొప్పి మాత్రలు ఈ మంటను పెద్దగా కదిలించవు. వాపు, దెబ్బ వల్ల వచ్చే నొప్పికి పనికొచ్చేవవి. అవి వేసీ వేసీ కడుపు, కిడ్నీలు పాడుచేసుకున్నాక నరాల డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్లు తక్కువేం కాదు.

ఎంత తగ్గుతుందని ఆశించాలి?

ఇక్కడ నిక్కచ్చిగా ఉండాలి. ఏ మందూ నొప్పిని తుడిచిపెట్టదు. షుగర్ వల్ల వచ్చిన నరాల నొప్పిలో గాబాపెంటిన్ రోజుకు 1200 మి.గ్రా. లేదా అంతకన్నా ఎక్కువ వాడిన ప్రయోగాలన్నిటినీ 2017లో కాక్రేన్ సంస్థ కలిపి చూసింది. నొప్పి సగమో, అంతకన్నా ఎక్కువో తగ్గినవాళ్లు మందు వాడినవారిలో 100కి 38 మంది. ఏ మందూ లేని ఉత్తుత్తి మాత్ర మింగినవారిలో 21 మంది. అంటే ఆ 38 మందిలోనూ సగానికి పైగా ఉత్తుత్తి మాత్రతోనూ తగ్గేవాళ్లే. మిగతా మందుల లెక్కలూ ఇంచుమించు ఇదే తీరు.

ఇది చదివి నీరసపడక్కర్లేదు. దీని అర్థం, మొదటి మందు పనిచేయకపోతే అది మీ తప్పు కాదు, మందు నకిలీదీ కాదు. రెండోది ప్రయత్నించాలి, అంతే. నొప్పి పదికి ఎనిమిది నుంచి ఐదున్నరకి దిగినా, అంటే మూడో వంతు తగ్గినా, డాక్టర్లు దాన్ని విలువైన మార్పుగానే లెక్కిస్తారు. ఆ ఐదున్నరలో రాత్రి నిద్ర పడుతుంది. ఎనిమిదిలో పట్టదు.

ఇక మందుల మధ్య తేడా ఎంత? ఒక మనిషికి నొప్పి సగానికి తగ్గాలంటే ఎంతమందికి ఆ మందు ఇవ్వాల్సి వస్తుందన్న లెక్క ఒకటుంది. అంకె చిన్నదైతే మందు మేలు. 2015లో లాన్సెట్ న్యూరాలజీ పత్రికలో వచ్చిన పరిశీలనలో అమిట్రిప్టిలిన్ కుటుంబానికి 3.6, డులోక్సెటిన్ కుటుంబానికి 6.4, గాబాపెంటిన్‌కి 6.3, దానికి తోబుట్టువు లాంటి ప్రీగాబాలిన్‌కి 7.7 వచ్చింది. అదే పత్రికలో 2025లో లెక్క సరిచూస్తే అందరి మార్కులూ తగ్గాయి: అమిట్రిప్టిలిన్ కుటుంబం 4.6, డులోక్సెటిన్ కుటుంబం 7.4, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ కలిపి 8.9. పాత మందు ముందున్నట్టు కనిపిస్తుంది కానీ, దాని మీద జరిగిన ప్రయోగాలు చాలావరకు చిన్నవి, పాతవి. చిన్న ప్రయోగాలు మందును ఉన్నదానికన్నా గొప్పగా చూపిస్తాయి.

నాకు వీటన్నిటికన్నా నమ్మకంగా అనిపించింది బ్రిటన్‌లో చేసిన ఒక ప్రయోగం. 2022లో లాన్సెట్‌లో వచ్చింది. షుగర్ నరాల నొప్పి ఉన్న 130 మందిని తీసుకున్నారు. ఒక్కో దారిలో 16 వారాలు: అమిట్రిప్టిలిన్‌తో మొదలుపెట్టి చాలకపోతే ప్రీగాబాలిన్ కలపడం, ప్రీగాబాలిన్‌తో మొదలుపెట్టి అమిట్రిప్టిలిన్ కలపడం, డులోక్సెటిన్‌తో మొదలుపెట్టి ప్రీగాబాలిన్ కలపడం. అదే మనుషుల మీద మూడు దారులూ పరీక్షించారు. సగటు నొప్పి 6.6 నుంచి 3.3కి దిగింది, మూడు దారుల్లోనూ ఒకేలా. తేడా వచ్చింది దుష్ఫలితాల్లోనే. ప్రీగాబాలిన్‌తో తల తిరుగుడు, డులోక్సెటిన్‌తో వికారం, అమిట్రిప్టిలిన్‌తో నోరెండిపోవడం ఎక్కువ.

ఈ వ్యాసం మొత్తానికి నేను చెప్పదలచుకున్న మాట అక్కడే ఉంది. గుణంలో మూడూ అటూ ఇటుగా సమానమే కాబట్టి "ఏది గట్టి మందు?" అని అడగడం దండగ. "నా ఒంటికి ఏ దుష్ఫలితం పరవాలేదు, ఏది పొరపాటున కూడా రాకూడదు?" అని అడగాలి.

అమిట్రిప్టిలిన్: పాత మందు, రాత్రి మందు

సాధారణంగా రాత్రి 10 మి.గ్రా.తో మొదలుపెట్టి, వారానికో రెండు వారాలకో కొంచెం పెంచుతూ పోతారు. చాలామందికి 25 నుంచి 75 మధ్య ఎక్కడో కుదురుతుంది. దీని పెద్ద దుష్ఫలితం నిద్ర మత్తు. నొప్పితో రాత్రంతా దొర్లేవాడికి అది దుష్ఫలితం కాదు, కానుక. తెల్లారాక కూడా తల బరువుగా ఉంటే మాత్రను పడుకునేటప్పుడు కాక, ఒకటి రెండు గంటల ముందే వేసుకోవచ్చేమో డాక్టరుని అడగండి. ఈ చిన్న సర్దుబాటుతోనే మందు నిలబెట్టుకున్నవాళ్లున్నారు.

నోరు పిడచ కట్టుకుపోవడం, మలబద్ధకం, చూపు మసకబారడం, మూత్రం సరిగా రాకపోవడం, లేచి నిలబడగానే కళ్లు తిరగడం దీని మిగతా సరంజామా. అందుకే ప్రోస్టేట్ పెరిగిన మగవాళ్లకి, ఒక రకం నీటికాసులు ఉన్నవాళ్లకి ఇది ఇబ్బంది. గుండె లయను మార్చగలదు. గుండెజబ్బు ఉన్నా, వయసు పైబడినా మొదలుపెట్టే ముందు ఈసీజీ తీయించడం మంచిది. మరీ పెద్దవాళ్లలో మతిమరుపు, తికమక, తూలి పడటం పెరుగుతాయి. దీని తోబుట్టువు నార్‌ట్రిప్టిలిన్‌కి ఈ గుణాలే ఉన్నా మత్తు, నోరెండటం కాస్త తక్కువ. అమిట్రిప్టిలిన్ పనిచేస్తోంది కానీ తట్టుకోలేకపోతున్నాం అన్నవాళ్లు దీని గురించి అడగాలి.

ఇంకొకటి. ఈ కుటుంబం మందులు ఎక్కువ మింగితే ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో పిల్లలున్నా, బతుకు మీద విసుగెత్తిన మనిషి ఉన్నా, ఈ మాత్రలు తాళం వేసి పెట్టండి. ఆ సంగతి డాక్టరుకి చెప్పండి.

గాబాపెంటిన్, ప్రీగాబాలిన్: అన్నదమ్ములే, అయినా ఒకరు కారు

రెండూ నరం చివర కాల్షియం లోపలికి వెళ్లే తలుపు మీద ఒకే చోట పట్టుకుంటాయి. నరం వదిలే సంకేతాలు తగ్గుతాయి. లివర్ మీద భారం వేయవు, ఒంట్లో కరగకుండానే కిడ్నీల గుండా బయటికి పోతాయి. ఇతర మందులతో పేచీలు తక్కువ. నాలుగైదు రకాల మాత్రలు మింగేవాళ్లకి ఇది పెద్ద సుగుణం.

తేడా పేగుల్లో ఉంది. గాబాపెంటిన్‌ను పేగు లోపలికి మోసుకెళ్లే కూలీలు కొద్దిమందే. డోసు పెంచినకొద్దీ వాళ్లు మోయలేక వదిలేస్తారు. రోజుకు 900 మి.గ్రా. వేసుకుంటే సుమారు 60 శాతం ఒంటికి పడుతుంది. 3600 వేసుకుంటే 33 శాతమే. అంటే మాత్రలు నాలుగింతలైతే ఒంట్లోకి చేరేది రెండింతలకి కాస్త ఎక్కువ. అందుకే దాన్ని రోజుకు మూడు పూటలుగా విడగొడతారు. "డోసు డబుల్ చేశారు, అయినా తేడా లేదు" అనేవాళ్ల ఫిర్యాదులో కొంత నిజం ఇక్కడుంది. ప్రీగాబాలిన్ 90 శాతానికి పైగా ఒంటికి పడుతుంది. ఎంత పెంచితే అంత చేరుతుంది. రెండు పూటలు చాలు. వారం పది రోజుల్లోనే పనిచేస్తోందో లేదో అంచనా దొరుకుతుంది. గాబాపెంటిన్‌ను పనిచేసే డోసుకి చేర్చడానికే కొన్ని వారాలు పడుతుంది.

అయితే ప్రీగాబాలినే మేలా? తొందరపడి అనలేను. ఒంటికి త్వరగా, పూర్తిగా పట్టే మందు మత్తునీ అంతే త్వరగా తెస్తుంది. మా అమ్మకి రెండో డాక్టరు 75 మి.గ్రా. రెండు పూటలా రాశారు. మంట నాలుగో రోజుకే తగ్గింది. ఐదో రోజు రాత్రి బాత్రూముకి లేచి తూలి తలుపు పట్టుకుని నిలబడింది. ఆ తలుపు అక్కడ లేకపోతే తుంటి ఎముక సంగతి ఏమయ్యేదో. అరవైనాలుగేళ్ల మనిషికి 25తో మొదలుపెట్టి ఉండొచ్చని తర్వాత ఇంకొకాయన అన్నారు. వయసు మళ్లినవాళ్లకి "చిన్నగా మొదలు, నిదానంగా పెంపు" అన్న నియమం ఈ రెండు మందుల విషయంలో అక్షరాలా పాటించాలి.

అంకెలు కావాలంటే, కాక్రేన్ పరిశీలనలో గాబాపెంటిన్ వాడినవాళ్లలో 100కి 19 మందికి తల తిరిగింది, 14 మందికి మగత, 7గురికి కాళ్ల వాపు. ప్రీగాబాలిన్ జాబితా కూడా అదే. దానికి తోడు బరువు పెరగడం. ఆకలి పెరిగి, నెలల మీద నాలుగైదు కిలోలు వేసేవాళ్లున్నారు. షుగర్‌తో బరువు తగ్గాలని చూస్తున్న మనిషికి ఇది ఎదురు గాలి.

కాళ్ల వాపు గురించి ఒక్కమాట ఎక్కువే చెప్పాలి. ఈ మందు మొదలెట్టిన కొన్ని వారాలకి పాదాలు ఉబ్బుతాయి. దాన్ని చూసి ఇంకో డాక్టరు నీరు దిగే మాత్ర రాస్తారు. దాంతో రాత్రి నాలుగుసార్లు లేవాలి. అప్పటికే తల తిరుగుతోంది. పడిపోతారు. ఒక మందు దుష్ఫలితానికి ఇంకో మందు వేసుకుంటూ పోయే ఈ గొలుసు చాలా ఇళ్లలో ఉంది. బీపీకి వాడే అమ్లోడిపిన్, షుగర్‌కి వాడే పయోగ్లిటజోన్ కూడా కాళ్లు వాపు తెస్తాయి. అవి ముందునుంచే వాడుతుంటే ఆ సంగతి చెప్పండి. గుండె బలహీనంగా ఉన్నవాళ్లలో ఈ వాపును తేలిగ్గా తీసుకోకూడదు.

కిడ్నీల పనితనం తగ్గినవాళ్లలో ఈ మందు బయటికి పోలేక పేరుకుంటుంది. మాటలు తడబడటం, చేతులు అదరడం, పగలంతా నిద్ర, చివరికి స్పృహ తప్పడం వరకూ పోవచ్చు. క్రియాటినిన్ పరీక్ష చేయించకుండా ఈ రెండు మందులూ మొదలుపెట్టవద్దు. కిడ్నీ జబ్బు ఉన్నా వాడొచ్చు, కానీ డోసు దానికి తగ్గట్టు తగ్గించాలి. గాబాపెంటిన్ వాడేవాళ్లు అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ మందు వేసుకుంటే రెండు గంటలు ఎడం పాటించాలి.

అలవాటు పడతామా అన్నది తరచూ వచ్చే ప్రశ్న. చాలామంది పడరు. గతంలో మద్యానికో, మత్తు పదార్థాలకో అలవాటు పడ్డవాళ్లకి ఆ ప్రమాదం ఉంది. బ్రిటన్ 2019 ఏప్రిల్ నుంచి ఈ రెండింటినీ నియంత్రిత మందుల జాబితాలో చేర్చింది కూడా. అదే ఏడాది చివర్లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఇంకో హెచ్చరిక చేసింది. ట్రమడాల్, మార్ఫిన్ లాంటి గట్టి నొప్పి మందులతోనో, నిద్రమాత్రలతోనో కలిపితే, లేదా ఊపిరితిత్తుల జబ్బు ఉంటే, శ్వాస ప్రమాదకరంగా మందగించవచ్చు. మద్యం కూడా ఆ లెక్కలోకే వస్తుంది. గర్భం దాల్చే ఆలోచన ఉన్నవాళ్లు ప్రీగాబాలిన్ గురించి ముందే డాక్టరుతో మాట్లాడాలి. బిడ్డకి లోపాలు వచ్చే అవకాశం కొద్దిగా పెరుగుతుందని తేలింది.

డులోక్సెటిన్: పగటి మందు

మిగతా రెండింటితో బరువు, మత్తు బాధ పడ్డవాళ్లు చూడాల్సింది దీన్ని. 30 మి.గ్రా.తో మొదలుపెట్టి, వారం తర్వాత 60కి పెంచుతారు. రోజుకొకటి చాలు. 120కి పెంచితే దుష్ఫలితాలు పెరుగుతాయి కానీ నొప్పి అంతకన్నా పెద్దగా తగ్గదు. క్యాప్సూల్ లోపల గుళికలుంటాయి, విప్పి నీళ్లలో కలుపుకోకూడదు.

మొదటి వారం, పది రోజులు వికారం. ఇది ముందే తెలిస్తే ఓర్చుకోవచ్చు, తెలియక చాలామంది మూడో రోజే మానేస్తారు. పరగడుపున కాక తిన్నాక వేసుకుంటే కాస్త నయం. చెమటలు, మలబద్ధకం, ఆకలి తగ్గడం, బీపీ కొంచెం పెరగడం ఉంటాయి. దాంపత్య జీవితంలో ఇబ్బంది కూడా రావచ్చు. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. దాని వల్లే మందు మానేసి, కారణం వేరే చెబుతారు. డాక్టరు దగ్గర సిగ్గుపడకండి, వాళ్లు రోజూ వినే మాటే.

లివర్ జబ్బు ఉన్నవాళ్లకి, మద్యం బాగా తాగేవాళ్లకి ఇది వద్దు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నా వద్దు. పెద్దవాళ్లలో రక్తంలో సోడియం పడిపోవచ్చు. తికమక, నీరసం కనిపిస్తే ఆ పరీక్ష చేయించాలి. ఆస్పిరిన్, వార్ఫరిన్, ఐబుప్రోఫెన్ లాంటివి వాడుతుంటే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. ట్రమడాల్‌తో కలిస్తే సెరటోనిన్ మితిమీరి వణుకు, జ్వరం, తికమక రావచ్చు. అమిట్రిప్టిలిన్‌తో కలిపితే దాని మోతాదును రక్తంలో పెంచేస్తుంది. ఈ రెండూ ఒకేసారి ఇద్దరు డాక్టర్లు రాసే ప్రమాదం ఉంది కాబట్టి పాత చీటీ ఎప్పుడూ వెంట తీసుకెళ్లండి.

నొప్పితో పాటు నిజంగానే దిగులూ ఆందోళనా ఉన్నవాళ్లకి, ఒకే మందుతో రెండు పనులు జరుగుతాయి. క్యాన్సర్ కీమో మందుల వల్ల కాళ్లూ చేతులూ మండేవాళ్లకి మంచి ఆధారం ఉన్న మందు కూడా ఇదొక్కటే.

మీకు ఏది సరిపడుతుంది?

నిద్ర లేక నొప్పితో సతమతమవుతూ, గుండె బాగున్న నడివయసు మనిషి అయితే నేను ముందు అమిట్రిప్టిలిన్ గురించి అడుగుతాను. షుగర్, బరువు రెండూ ఉండి, పగలు బండి నడిపి పనిచేసుకోవాల్సినవాళ్లకి డులోక్సెటిన్ మేలు. లివర్ బాగా లేక, వేరే మందులు బోలెడు వాడుతూ, కిడ్నీలు బాగున్నవాళ్లకి గాబాపెంటిన్ లేదా ప్రీగాబాలిన్. ప్రోస్టేట్ పెరిగినాయనకి అమిట్రిప్టిలిన్ చివరి ఎంపిక. తూలి పడ్డ చరిత్ర ఉన్న పెద్దావిడకి ఈ మూడింటికన్నా ముందు పైపూత మందు చూడాలి.

పైపూత అంటే తేలిగ్గా తీసిపారేస్తారు కానీ, నొప్పి ఒక్కచోటే ఉంటే అదే మొదటి ఎంపిక కావాలని నా అభిప్రాయం. 5 శాతం లిడోకైన్ పట్టీని నొప్పి ఉన్నచోట 12 గంటలు ఉంచి, 12 గంటలు తీసేస్తారు. రక్తంలోకి చేరేది చాలా తక్కువ. మత్తు లేదు, తూలడం లేదు. సర్పి తర్వాతి నొప్పికి బాగా నప్పుతుంది. పొక్కులు పూర్తిగా మానిన చర్మం మీదే వేయాలి. మిరపకాయ ఘాటు నుంచి వచ్చే క్యాప్సైసిన్ క్రీము ఇంకో దారి. రోజుకు మూడు నాలుగుసార్లు రాయాలి, మొదటి రెండు మూడు వారాలు భగభగమంటుంది, ఆ చేత్తో కన్ను నలిపితే చుక్కలు కనిపిస్తాయి. ఓపికున్నవాళ్ల మందు. 8 శాతం పట్టీ ఆసుపత్రిలోనే వేస్తారు. పనిచేస్తే మూడు నెలల దాకా ఉంటుంది.

కొన్ని నొప్పులకి ఈ పోలికే వర్తించదు. ముఖం ఒక పక్క, పళ్లు తోముకున్నా గాలి తగిలినా పిడుగు పడ్డట్టు క్షణకాలం పొడిచే ట్రైజెమినల్ న్యూరాల్జియాకి కార్బమజపిన్ మొదటి మందు. చాలామందికి అద్భుతంగా పనిచేస్తుంది. కానీ ఆసియా మూలాలున్నవాళ్లలో కొందరికి హెచ్‌ఎల్‌ఏ-బి 15:02 అనే జన్యువు ఉంటుంది. వాళ్లకి ఈ మందు ఒళ్లంతా చర్మం ఊడిపోయే ప్రాణాంతక స్థితి తేవచ్చు. మొదలుపెట్టే ముందు ఆ రక్తపరీక్ష గురించి అడగండి. మందు మొదలెట్టాక దద్దురు, జ్వరం, నోట్లో పుండ్లు వస్తే తర్వాతి మాత్ర వేసుకోకుండా ఆసుపత్రికి పరిగెత్తండి.

రెండోది సయాటికా. నడుము నుంచి కాల్లోకి దిగే ఆ నొప్పికి ప్రీగాబాలిన్ విరివిగా రాస్తారు. ఆస్ట్రేలియాలో 209 మంది మీద జరిపి 2017లో ప్రచురించిన ప్రయోగంలో అది ఉత్తుత్తి మాత్రకన్నా ఏమాత్రం మెరుగ్గా పనిచేయలేదు. దుష్ఫలితాలు మాత్రం ఉత్తుత్తి మాత్రవి 124 అయితే దీనివి 227. సయాటికాకి నెలల తరబడి ప్రీగాబాలిన్ మింగుతున్నవాళ్లు, ఇది ఇంకా ఎందుకని అడగడం సబబే.

ట్రమడాల్ సంగతి క్లుప్తంగా: పనిచేస్తుంది, అలవాటు పడుతుంది, ఫిట్స్ తేగలదు. మిగతా దారులు మూసుకుపోయినప్పుడు, కొద్దిరోజులకి.

విటమిన్ మాత్రల మాట

నరాల నొప్పి అనగానే బీ12 మాత్ర రాసేయడం ఆనవాయితీ అయింది. బీ12 తక్కువగా ఉంటే అది మందే కాదు, అసలు చికిత్స. తక్కువ లేకపోతే నొప్పి మీద పెద్దగా పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. కాబట్టి ముందు పరీక్ష. షుగర్‌కి ఏళ్లతరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బీ12 తగ్గిపోతుంది. కాళ్ల తిమ్మిరి మొత్తాన్నీ షుగర్ ఖాతాలో రాసేముందు ఇది చూడాలి. ఇక వింత ఏమిటంటే, నరాల బలానికని అమ్మే మాత్రల్లో ఉండే బీ6 విటమిన్ ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే అదే నరాలను దెబ్బతీస్తుంది. తిమ్మిరికి వేసుకున్న మాత్రే తిమ్మిరి తెస్తుంది. మీ మాత్ర వెనక బీ6 ఎంతుందో ఒకసారి చూసుకోండి. రెండు మూడు మందులు కలిపి ఒకే మాత్రగా వచ్చేవాటితో ఇంకో ఇబ్బంది. ఒకదాని డోసు మార్చాలంటే అన్నీ మారతాయి, ఏది పనిచేసిందో ఏది పడలేదో ఎప్పటికీ తేలదు.

మందుకు న్యాయమైన పరీక్ష పెట్టడం

ఒక నోటుపుస్తకం చాలు. మందు మొదలెట్టే ముందు వారం రోజులు రాయండి: నొప్పి పదికి ఎంత, రాత్రి ఎన్నిసార్లు లేచారు, ఎంత దూరం నడవగలిగారు. తర్వాత అదే కొనసాగించండి, పక్కన దుష్ఫలితాల గడి ఒకటి. మనిషి జ్ఞాపకం నమ్మదగింది కాదు. మా అమ్మ "ఏం తగ్గలేదు" అనేది, పుస్తకంలో చూస్తే నాలుగుసార్లు లేచే మనిషి ఒక్కసారే లేస్తోంది.

ఒకసారి ఒక్క మందే మార్చాలి. తట్టుకోగల డోసుకి చేరాక కనీసం రెండు వారాలు, మొత్తం మీద నెల నుంచి రెండు నెలలు ఇవ్వాలి. 10 మి.గ్రా. పది రోజులు వేసి "అమిట్రిప్టిలిన్ నాకు పనిచేయలేదు" అనుకోవడం మందుకి అన్యాయం. అలాగని పూర్తి డోసులో రెండు నెలలు వాడినా పుస్తకంలో అంకె కదలకపోతే, దాన్ని పట్టుకు వేలాడటం మీకు అన్యాయం. సగం పనిచేసిన మందుకి రెండోది కలపడం సబబే. బ్రిటన్ ప్రయోగంలో ఒక్క మందు చాలనివాళ్లకి కలపడం వల్ల ఇంకాస్త తగ్గింది. మొదటి రెండు వారాలూ, డోసు పెంచిన ప్రతిసారీ కొన్ని రోజులూ, మత్తు ఎంతుందో తెలిసేదాకా బండి నడపకండి.

మానేయాలనుకున్నా ఒక్కసారిగా ఆపకండి. ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ కనీసం వారం రోజుల మీద, చాలాకాలం వాడితే ఇంకా నిదానంగా తగ్గించాలి. లేకపోతే చెమటలు, నిద్రలేమి, ఆందోళన, కొందరికి ఫిట్స్. డులోక్సెటిన్ హఠాత్తుగా ఆపితే తలలో కరెంటు జివ్వుమన్నట్టు ఉంటుంది. దాన్ని చూసి జబ్బు ముదిరిందని భయపడతారు. రెండు వారాలో, అంతకన్నా ఎక్కువో తీసుకుని దించాలి. ఈ మందుల్లో ఏది మొదలుపెట్టాకైనా చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తే దాచుకోకుండా వెంటనే చెప్పాలి. ఇంట్లోవాళ్లూ ఆ మనిషి మాటతీరు గమనించాలి.

కాళ్లలో బలం రోజురోజుకీ తగ్గిపోతున్నా, మూత్రం, మలం అదుపు తప్పినా, కూర్చునే చోట మొద్దుబారినా, ఇది మందుల పోలిక చదివే సమయం కాదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మా అమ్మ కథ చివరికి ఎక్కడ తేలిందంటే, ప్రీగాబాలిన్ నిదానంగా దించేశారు. ఈసీజీ తీసి, కళ్లు చూపించి, రాత్రి నార్‌ట్రిప్టిలిన్ 10 మి.గ్రా., పగలు పక్కటెముకల మీద లిడోకైన్ పట్టీ. ఏడాది ముందు సొరుగులో పడేసిన అట్ట మీద ఉన్నది సరిగ్గా ఆ మందే. నేను ఆ మాట గుర్తుచేస్తే, "అప్పుడు దిగులు మందని రాసుందిగా" అంది, పట్టీ కాగితం ఊడదీస్తూ. ఎనిమిది నెలలకి మాత్ర కూడా మానేసింది. పట్టీల పెట్టె మాత్రం ఇప్పటికీ మంచం పక్కనే ఉంటుంది.